సప్పుడు లేని బండి

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. వయసు తొమ్మిదేళ్లు. మనుషుల్లో అయితే పలక వదిలి నోటు పుస్తకం పట్టే ఈడు. మాలో అయితే మనవల పెళ్లిళ్లు కూడా చూసేసిన ఈడు. 'ఎంటర్' మీట మీద అక్షరాలు అరిగిపోయాయి. మూత తెరిస్తే కుడివైపు కీలు మూలుగుతుంది. ఛార్జర్ తీసేస్తే ఇరవై నిమిషాలకు మించి ఊపిరి నిలవదు.

ఏ దేశంలో పుట్టానో సరిగా తెలియదు. ఒక పొడవాటి బల్ల, దాని వెంట వరుసగా చేతులు, ఒక్కో చేతిలో ఒక్కో స్క్రూ. నా బాల్యంలో గుర్తున్నది అంతే. అక్కణ్నుంచి వచ్చి ఇంజనీరింగ్ చదివే సుచిత్ర అనే అమ్మాయి చేతుల్లో పడ్డాను. ఆ పిల్ల నాలో చదివింది కొంచెం, సినిమాలు చూసింది బోలెడు. అయినా అన్ని పరీక్షలూ పాసై పుణెలో ఉద్యోగం సంపాదించింది. ఆఫీసువాళ్లు కొత్త ల్యాప్‌టాప్ ఇవ్వగానే నన్ను కోరుట్లలో ఉన్న వాళ్లమ్మకు ఇచ్చేసింది. ఇచ్చే ముందు "అమ్మకు స్పీడుగ ఉండాలె" అని నా పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించింది. పాత డిస్కులో చక్రం తిరిగేది, గరగరమనేది. నన్ను ఆన్ చేసి, చాయ్ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా అప్పుడే కళ్లు నులుముకుంటూ ఉండేదాన్ని. ఈ కొత్త డిస్కులో తిరిగేది ఏమీ లేదు. అగ్గిపెట్టె కంటే పలచన. మీట నొక్కితే చాలు, లేచి కూర్చునేదాన్ని.

సుచిత్ర వాళ్లమ్మ పేరు చంద్రకళ. ముప్పై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయింది. ఊరంతా టీచరమ్మ అంటారు, కట్టుకున్నవాడు కూడా. పిల్లల్ని దించడానికి వచ్చే అవ్వలు, అమ్మమ్మలు చెప్పిన పొడుపుకథలన్నీ ఆమె నోటు పుస్తకాల్లో రాసుకుంది. ఆ వైపు వాటిని శాత్రాలంటారు. కరీంనగర్‌లోని ఒక సాహిత్య సంస్థవాళ్లు వాటిని పుస్తకంగా వేస్తామన్నారు, నెలాఖరుకల్లా పంపమన్నారు. టీచరమ్మ రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నాలుగు వందల శాత్రాలు నాలోకి ఎక్కించింది. అన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా మొరాయించలేదు.

అప్పుడు చెక్క బీరువాకు చెదలు పట్టాయి. మిగిలిన నోటు పుస్తకాలు తెరిస్తే మట్టి రాలింది. అట్టలు మాత్రం చెక్కుచెదరలేదు. చెదలకు చదువు మీద ఎంత ప్రీతో, బైండింగు మీద అంత గౌరవం.

టీచరమ్మ మర్నాడు చీర కొంగు బిగించి నా ముందు కూర్చుంది. "యాదికున్నయి యాదికున్నట్టే కొడుత" అంది.

సరిగ్గా ఆ వారం నుంచే నేను ఆగిపోవడం మొదలుపెట్టాను. తెర మీద అంతా ఉంటుంది, ఏదీ కదలదు. బాణం నిలబడిపోతుంది, గుండ్రటి గీత ఒకటి తిరుగుతూ ఉంటుంది. లోపల నేను ఎస్‌ఎస్‌డీని పిలుస్తాను, అది పలకదు. మళ్లీ పిలుస్తాను. ఇక చేసేది లేక టీచరమ్మ మీట గట్టిగా పట్టుకుని నన్ను ఆర్పేసేది. గుర్తొచ్చిన సంబరంలో 'సేవ్' నొక్కడం మరిచిపోయిన నాలుగైదు శాత్రాలు అలా గాలిలో కలిసిపోయేవి.

ఒక మధ్యాహ్నం అలాగే జరిగింది. ఆమె నెత్తి పట్టుకుంది.

"ఎల్లవ్వ చెప్పిన శాత్రం గది. పొద్దున్నుంచి యాదికి తెచ్చుకుంటే ఇప్పుడు వచ్చింది, ఇప్పుడే పాయె. నా నెత్తిల నుంచి గూడ పాయె. ఎల్లవ్వ పోయి పదకొండేండ్లు. ఇగ ఎవలు చెప్తరు?"

పక్క గదిలో పేపరు చదువుతున్న ఆమె భర్త గంగారాం ఆ గొంతు విని లేచి వచ్చాడు. ఆయన బస్సు డిపోలో ముప్పై మూడేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, పిడి చెవికి ఆనించి, "మూడో సిలిండర్" అని రోగం చెప్పేవాడట. గేటు దాటి వచ్చే బస్సు సప్పుడును బట్టి దాని నంబరు కూడా చెప్పేవాడట. ఈ సంగతులు ఆయనే చెప్పాడు, చాలాసార్లు.

"జరుగు, నేను చూస్త" అన్నాడు.

నన్ను బోర్లించి, స్క్రూడ్రైవర్ మొన నా పొట్ట మీద పెట్టి, పిడి చెవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. నాకు డాక్టరు ముందు చొక్కా విప్పినట్టు సిగ్గేసింది.

"ఫ్యాన్ మంచిగనే ఉన్నది. ఇంజన్ సప్పుడేది?"

"దాంట్ల సప్పుడుండదు. బిడ్డ చెప్పింది గద, తిరిగేది ఏం లేదని."

"సప్పుడు లేని బండి ఎక్కడిదే?" అని గంగారాం నన్ను అనుమానంగా చూశాడు. కాసేపు ఆలోచించి, "చెదలు దీంట్లకు గూడ ఎక్కినయా ఏంది?" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు వైద్యం మొదలైంది. సైకిల్ పంపుతో నా చెవుల్లోకి గాలి కొట్టాడు. వేడెక్కుతున్నానేమోనని నన్ను తీసుకెళ్లి కూలర్ ముందు పెట్టాడు. తుంపర్లు పడుతుంటే టీచరమ్మ పరుగెత్తుకొచ్చి కొంగుతో తుడిచింది. తర్వాత కీళ్లకు గ్రీజు పెడదామన్నాడు.

"ఎక్కడ పెడతవు?"

"యాడ అవసరమైతే ఆడ."

"నువ్వు దీన్ని ముడితే నేను మా తల్లిగారింటికి పోత" అంది టీచరమ్మ. ఆమెకు అరవై ఒకటి. తల్లిగారిల్లు నాలుగు సందుల అవతలే. అయినా ఆయన గ్రీజు డబ్బా మూత పెట్టేశాడు.

మూత పెట్టాడు గానీ చేతులు ఊరుకోలేదు. గడియారాలు బాగుచేసే మిత్రుడి దగ్గర సన్న స్క్రూడ్రైవర్ తెచ్చి, ఆమె సంతకు వెళ్లిన పూట నా పొట్ట విప్పాడు. ఎస్‌ఎస్‌డీని బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, "గింతే ఉన్నవు, గంత సతాయిస్తున్నవా?" అని మందలించాడు. బట్టతో తుడిచి మళ్లీ గట్టిగా తోసి బిగించాడు. అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. దాన్ని జేబులో వేసుకుని, "విప్పి బిగిస్తే ఒక్కటన్న మిగులుతది. కంపెనీవాళ్లు ఎక్కువ పెడతరు" అని నాకు నచ్చజెప్పాడు.

సాయంత్రం టీచరమ్మ నాలుగు శాత్రాలు కొట్టింది. ఐదో దానికి నేను ఆగిపోయాను.

మర్నాడు నన్ను సంచిలో పెట్టుకుని బజారులో ఫర్హానా నడిపే కంప్యూటర్ రిపేరు దుకాణానికి తీసుకుపోయాడు. ఫర్హానా ముప్పై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ముందు ఆమె అడిగింది ఒక్కటే: "అంకుల్, ఫైల్ కాపీ ఇంకోచోట ఉందా?"

"లేదు బిడ్డా."

"అయితే మొదలు అదే చేద్దాం. బండి తర్వాత, ప్యాసింజర్లు ముందు."

గంగారాం ముఖం విప్పారింది. ఈ పిల్ల పనిమంతురాలు అనుకున్నాడు. ఆమె శాత్రాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆయన చేతికిచ్చింది. తర్వాత డిస్కును పరీక్షించింది. ఆరోగ్యం బాగుందని వచ్చింది. వైరస్ లేదు. జాగా సగానికి పైగా ఖాళీ. రెండు గంటలు ఎడతెగకుండా నాతో పని చేయించింది. నేను ఒక్కసారి కూడా ఆగలేదు. కావాలని కాదు; ఆగడం రాలేదు, అంతే.

"నా ముందట ఆగుతలేదు అంకుల్."

"డిపోల గూడ గంతే. రోడ్డు మీద గడగడలాడిన బస్సు గేట్లకు రాంగనే గౌరవంగ నిలబడేది."

"మరి మీరేం చేసేటోళ్లు?"

ఏం చేసేవాడో గంగారాంకు అప్పుడు గుర్తొచ్చింది. "డ్రైవర్ ఎంట కూసొని పోయేటోన్ని" అన్నాడు.

ఇంటికి రాగానే ఒక పెద్ద కాగితం తీసి గళ్లు గీశాడు. తేదీ, టైము, ఎన్నో శాత్రం, ఆగినప్పుడు ఏం జరుగుతున్నది, రిమార్కులు. డిపో లాగ్‌షీటు అచ్చంగా అలాగే ఉండేదట. కుర్చీ తెచ్చుకుని టీచరమ్మ పక్కన కూర్చున్నాడు. పెళ్లయిన ముప్పై ఏడేళ్లలో ఆయన పగటిపూట ఆమె పక్కన అంతసేపు కూర్చోవడం అదే మొదలట. ఈ మాట నేను అనలేదు, టీచరమ్మే అంది.

"ఏం రాస్తున్నవో చెప్పు. నేను షీట్ల ఎక్కియ్యాలె."

"మూడు రెక్కల పిట్ట, తలకిందులు వేలాడుతది. పొద్దందాక ఎగిరినా ఇల్లు దాటది. ఏంది?"

"గబ్బిలం."

"గబ్బిలానికి మూడు రెక్కలుంటయా? మీదికి చూడు."

గంగారాం తలెత్తి ఫ్యాన్‌ను చూశాడు. చాలాసేపు చూశాడు. "ఓర్నీ" అన్నాడు.

"కడుపు నిండితే నిలబడుతది, ఖాళీ అయితే కూలబడుతది."

"డ్రైవర్ మల్లేశం."

టీచరమ్మ నవ్వు ఆపుకోలేక నా మీద వాలింది. నాలో ఒకే అక్షరం వరసగా ముప్పై సార్లు పడింది. "వడ్ల బస్తా" అని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. మల్లేశం కూడా తప్పు కాదని గంగారాం వాదించాడు.

అలా ఐదు రోజులు గడిచాయి. నేను పదకొండు సార్లు ఆగాను. ఆగినప్పుడల్లా ఆయన గడియారం చూసి రాసేవాడు, "ఇప్పుడు నువ్వేం చేస్తున్నవు?" అని ఆమెను అడిగి, చెప్పింది చెప్పినట్టు ఎక్కించేవాడు. నాలుగు శాత్రాలు కాగానే "సేవ్ కొట్టు" అని గుర్తుచేసేవాడు గనక ఈసారి పోయినవి తక్కువ. ఆరో రోజు పొద్దున కళ్లజోడు పెట్టుకుని షీటు పైనుంచి కిందికి చదివాడు. పదకొండు గళ్లలో ఒకే మాట ఉంది: 'ఆలోచిస్తుండె'. 'ఆలోచిస్తుండె'. 'కిటికీల నుంచి చూస్తు ఆలోచిస్తుండె'.

"టీచరమ్మా!" అని ఒక్క కేక పెట్టాడు. ఆమె వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "బండి నడిచేటప్పుడు ఆగుతలేదే! నిలబెట్టినంక ఆగుతున్నది! నువ్వు ఆలోచించుకుంట కూసుంటే దీనికి పని లేదు. పని లేకుంటే ఇంజన్ బందవుతున్నది. ఇది ఐడిలింగ్ రోగం!"

చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా నన్ను తీసుకుని ఫర్హానా దుకాణానికి పోయాడు. "బిడ్డా, ఐడిలింగ్ తక్కువున్నది. జర పెంచు" అన్నాడు.

ఫర్హానాకు ముందు అర్థం కాలేదు. షీటు చేతికిచ్చాడు. చదువుతుంటే ఆమె కనుబొమలు పైకి లేచాయి. నా సెట్టింగులు తెరిచింది.

"అంకుల్, మీరన్నది కరెక్టే. కరెంటు ఆదా చెయ్యాలని సెట్టింగ్ ఉంది. పని లేకపోతే డిస్కును పండుకో అని చెప్తది. ఈ డిస్కు పండుకుంటే మళ్ల లేస్తలేదు."

"పండుకోనియ్యకు మరి."

"అదే తీసేస్తున్న. డిస్కు లోపలి ప్రోగ్రాం కూడా పాతది, కొత్తది వేస్త."

నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఇన్ని రోజులూ పలకడం లేదని నేను ఆ డిస్కును తిట్టుకున్నాను. తీరా చూస్తే దాన్ని పడుకోమన్నది నేనే. పాపం, చెప్పిన మాట విన్నందుకు గాలి దెబ్బలు, తుంపర్లు, మందలింపులు అన్నీ అది భరించింది. ఇంత విధేయత మనుషుల్లో ఎక్కడైనా ఉందేమో నేనైతే చూడలేదు.

ఇంటికొచ్చాక టీచరమ్మ మూడు రోజులు పని చేసింది. నేను ఒక్కసారి కూడా ఆగలేదు. గంగారాం మాత్రం రోజూ కుర్చీ వేసుకుని వచ్చేవాడు.

"బాగైంది గద, ఇంక నీకేం పని?"

"ట్రయల్ రన్. రిపేరు చేసినంక కొన్ని రోజులు ఎంట ఉండాలె."

నెలాఖరుకు ఒక రోజు ముందు, ఆరు వందల పదకొండో శాత్రం దగ్గర ఆమె చేతులు తీసింది. ఎల్లవ్వ శాత్రం మళ్లీ గుర్తు రాలేదు. "ఇగ చాలు, పంపిద్దాం" అంది, కొంచెం దిగులుగానే.

గంగారాం గొంతు సవరించుకున్నాడు. "నేనొకటి పొడుస్త. ఊరి బండ్ల రోగాలన్ని ఇంటది, ఇంట్ల మాట ఒక్కటి ఇనది. ఏంది?"

ఆరు వందల శాత్రాల మనిషి ఆలోచనలో పడింది. "డాక్టరా?" కాదన్నాడు. "పోలీస్ ఠాణా?" కాదన్నాడు. ఆమె కిటికీ వైపు చూసింది. రెండు నిమిషాలు, మూడు, ఐదు. గంగారాం ఒక కన్ను ఆమె మీద, ఒక కన్ను నా తెర మీద పెట్టి ఊపిరి బిగబట్టాడు. తెర మీద సన్న గీత కొట్టుకుంటూనే ఉంది.

"ఓడిపోయిన. విడుపు చెప్పు."

"నా చెవి" అన్నాడు గంగారాం.

టీచరమ్మ నా వైపు తిరిగి, రెండు వేళ్లతో ఆ శాత్రాన్ని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ప్రతి శాత్రం కిందా చెప్పినవాళ్ల పేరు, ఊరు ఉంటాయి. 'చెప్పినవారు: గంగారాం, కోరుట్ల' అని కొట్టింది.

"స్టాఫ్ నంబరు గూడ వెయ్యి. కోరుట్లల గంగారాంలు మస్తుమంది ఉన్నరు" అన్నాడాయన, ముఖంలో ఇంకేదో కనబడకుండా. నంబరు చెబుదామని నోరు తెరిచేలోపే ఆమె ఆరంకెలూ కొట్టేసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె సరిచూశాడు. తప్పు లేదు.

"నీకెట్ల ఎరుక?"

"ముప్పై మూడేండ్లు నీ టిఫిన్ డబ్బ మీద గోళ్ల రంగుతోని రాసింది ఎవలనుకున్నవు?"

గంగారాం ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కూడా పంపే మీట నొక్కకుండా అలాగే ఉండిపోయింది. ఇద్దరికీ నేను గుర్తు లేను. ఎంతసేపైందో గడియారం చూసి రాసేవాళ్లు కూడా లేరు. నేను మాత్రం మేలుకునే ఉన్నాను.