సొలొమోను దాణా

1963 జులైలో ఒక శుక్రవారం ఉదయం, పశువుల డాక్టరు ఓబులేసు సైకిలు దిగే సమయానికి, సర్కారు దున్నపోతు పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య కొట్టంలో గుంజ పెరుక్కొని పారిపోయింది.

అల్లూరుకు తూర్పున ఉన్న ఆ ఊళ్ళో బర్రెల జాతి బాగుపడాలని సర్కారు పోతును ఇచ్చింది. దాని మేతకు నెలనెలా తవుడు, నూనె తీసిన వేరుశనగ చెక్క పంపేది. పోతును సాకేవాళ్ళకు సొంత భూమి, పెంకుల కొట్టం ఉండాలన్నది నిబంధన. ఆ రెండూ పద్మనాభయ్యకు ఉన్నాయి. దాణా ఆయన ఇంట్లో దిగేది. పోతు మాత్రం ఊరవతల పాలెంలో, మగ్దలీనమ్మ గుడిసె ముందు ఉండేది. పంటకు కాసిని వడ్లు కొలుస్తానని ఆయన దాన్ని ఆమెకు అప్పజెప్పాడు. ఆమె గట్ల మీద గడ్డి కోసి వేసేది, ఇల్లిల్లూ తిరిగి కుడితి తెచ్చి పోసేది. సొలొమోను అని పేరు పెట్టుకుంది. ఎందుకా పేరని అడిగితే, "బైబిల్లో సొలొమోను రాజుకు ఏడొందల మంది పెళ్ళాలు. ఊళ్ళో బర్రెలన్నీ వీడి పెళ్ళాలే గదా" అనేది.

కిందటిసారి డాక్టరు పోతు డొక్కలు చూసి, మళ్ళీ వచ్చేసరికి ఒళ్ళు చేయకపోతే వెనక్కి తోలిస్తానన్నాడు. అప్పటినుంచి మగ్దలీనమ్మకు అన్నం సహించలేదు. పద్మనాభయ్య ఉపాయం చేశాడు. ముందురోజు పోతును తన కొట్టానికి తోలించి, ఒళ్ళు నిగనిగలాడాలని కొమ్ముల నుంచి తోక దాకా ఆముదం పట్టించాడు.

అందువల్ల ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. మెడ వాటేసుకున్నవాళ్ళు జారారు. తోక పట్టుకున్నవాళ్ళు కాలవలో పడ్డారు. పద్మనాభయ్య కొమ్ము అందుకొని బారెడు దూరం వెళ్ళి పేడకుప్పలో కూర్చున్నాడు.

"ఇంకాస్త ఆముదం రాయకపోయినారా అయ్యా, నెల్లూరు దాకా జారిపోయేది!" అంది పక్కింటి పిచ్చమ్మ.

పోతు పాలెం గుంటలో దిగి ముక్కు మాత్రం పైకి పెట్టింది. ఊరంతా గట్టు మీదికి చేరింది.

"మీ పోతు మీరు పిలిస్తే రాదా?" అన్నాడు డాక్టరు పద్మనాభయ్యతో.

"ఎందుకు రాదు సార్! చెక్క చూపిస్తే ఎగిరొస్తాది."

ఇంటి నుంచి చెక్క బస్తా తెప్పించాడు. ముక్క చేతబట్టుకొని తనే బురదలో దిగి, "దా నాయనా, దా" అన్నాడు. పోతు వాసన చూసింది. ఆయన చొక్కా మీద చీదింది. మొహం తిప్పుకుంది.

"ఇదేందో దానికి తెలిసినట్టు లేదే."

"ఈ పొద్దు ఆకలి లేదు సార్."

అంతలో వీధిలో గంటల చప్పుడైంది. పద్మనాభయ్య పాడిబర్రె పలుపు తెంపుకొని బస్తా వెంబడే వచ్చింది. జనాన్ని తోసుకొని బస్తాలో తల పెట్టింది. బస్తా కొమ్ములకు తగులుకుంది. తలకు బస్తాతో అది గట్టంతా తిరిగింది. డాక్టరు సైకిలు గుంటలో పడింది.

"ఈమె ఎవరు?" అన్నాడు డాక్టరు.

"అసలు సర్కారు పోతు అదే సార్!" అంది పిచ్చమ్మ. జనం కడుపులు పట్టుకున్నారు.

మగ్దలీనమ్మ కుడితి చట్టి తెచ్చింది. "రారా సొలొమోనూ" అనగానే పోతు గట్టెక్కి చట్టిలో మూతి పెట్టింది. డాక్టరు బురద తుడిచి డొక్కలు తడిమాడు. ఆమె పోతు మెడ వదల్లేదు.

"తోలుకుపోబాకండి అయ్యా. చెక్క ఏస్తే ఒళ్ళు చేస్తాడు."

"పోతును నీకిద్దామంటే భూమి లేదు గదమ్మా."

"సొలొమోనుకు మాత్రం ఉండాదా అయ్యా?"

డాక్టరు నవ్వాపుకోలేక చాలాసేపు పక్కకు తిరిగి నిలబడ్డాడు. తర్వాత పద్మనాభయ్యను అడిగాడు. "ప్రెసిడెంటు గారూ, పోతును తోలుకుపోమంటారా, దాణా ఇక్కడ దింపమంటారా?"

పద్మనాభయ్య పేడ దులుపుకున్నాడు. పాడిబర్రె వైపు చూశాడు.

"ఈడనే దింపండి."

ఆగస్టులో దాణా బండి పాలెంలో ఆగింది. సర్కారు లెక్కలో పేరు పద్మనాభయ్యదే. సొలొమోను చెక్క ముక్క నోట పెట్టుకొని ఒకసారి ఉమ్మింది, మళ్ళీ అందుకుంది. బండి వెనకాలే పద్మనాభయ్య పాడిబర్రె నడిచి వచ్చింది.