తోడల్లుళ్ళ స్నోమొబైల్

మల్లికార్జునరావు కోపం వస్తే కేకలు వేయడు, ఇంగ్లీషులోకి మారిపోతాడు. ఆఫీసులో రోజంతా మాట్లాడేది ఆ భాషే. కానీ ఇంట్లో అది వినిపించిందంటే అతని భార్య ఉమ చేస్తున్న పని ఆపి మొహం చూస్తుంది. ఆ ఏడాది వసంతకాలం నుంచి అతను తోడల్లుడు రాకేష్‌తో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు.

రాకేష్ ఉమ చెల్లెలు స్పందన భర్త. రెండు కుటుంబాలూ అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళోనే, నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాయి. మల్లికార్జునరావు వయసులో బాగా పెద్ద. రాకేష్ అమెరికా వచ్చిన కొత్తలో అతనికి డ్రైవింగ్ నేర్పింది ఈయనే, ఇల్లు చూసిపెట్టింది ఈయనే, చివరికి తన కంపెనీలో రిఫర్ చేసి ఉద్యోగంలో చేర్పించిందీ ఈయనే. తర్వాత కంపెనీవాళ్ళు టీములు కలిపారు, విడదీశారు, మళ్ళీ కలిపారు. ఆఖరిసారి కలిపినప్పుడు రాకేష్ మేనేజరయ్యాడు. అతని కింద పనిచేసేవాళ్ళలో మల్లికార్జునరావు కూడా ఉన్నాడు.

రాకేష్ హెచ్‌ఆర్‌లో ఒకావిడ దగ్గరికి వెళ్ళి, ఈయన మా బంధువు, ఇబ్బందేమో చూడండి అన్నాడు. తోడల్లుడికి ఇంగ్లీషులో మాట లేదు. భార్య అక్క భర్త అని వివరించి చెబితే, ఆవిడ కాసేపు వేళ్ళ మీద లెక్కవేసుకుని, అది బంధుత్వం కిందికి రాదని చెప్పి పంపేసింది.

ఆ ఏడాది పనితీరు రివ్యూలో రాకేష్ అతని గురించి చాలా మంచి మాటలు రాశాడు. వాటి చివర, ఇతరుల సూచనలు వినడం మెరుగుపరచుకోవాలి అని ఒక వాక్యం రాశాడు. మల్లికార్జునరావు అది చదివి లాప్‌టాప్ మూశాడు, మళ్ళీ తెరిచి, 'థాంక్యూ ఫర్ ద ఫీడ్‌బ్యాక్' అని కొట్టి పంపాడు. ఆ ఆదివారం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, "రాకేష్, కుడ్ యూ ప్లీజ్ పాస్ ద సాంబార్," అన్నాడు.

రాకేష్ గిన్నెను రెండు చేతులతో అందించాడు. స్పందన అక్కవైపు చూసింది. ఉమ అప్పడాల డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

మంచిగా ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసి కొన్న వస్తువు ఒకటుంది. స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా ఉన్న మంచుబండి, బాగా పాతది. మల్లికార్జునరావు గరాజ్ పెద్దది కాబట్టి అక్కడే ఉంటుంది. చలికాలంలో రెండు మూడుసార్లు ట్రెయిలర్ మీద ఎక్కించి కొండల్లోకి తీసుకువెళ్ళేవాళ్ళు.

ఆ వేసవిలో మాట్లాడటానికి మనిషి లేక, మల్లికార్జునరావు బండిని శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. ఒక వీడియో పెట్టుకుని ఇంజన్ విప్పాడు. వీడియోలో ఒక గడ్డపాయన, పక్కనున్న ఈ చిన్న నల్ల సెన్సార్‌ని మాత్రం కదిలించకండి అని స్పష్టంగా చెప్పాడు. మల్లికార్జునరావు ఆ మాట విన్నాడు. దాని కింద దుమ్ము ఉంటుందేమోనని విప్పాడు. దుమ్ము లేదు. మళ్ళీ బిగించాడు.

ఆ సెన్సార్‌కి ఉన్న పని ఒకటే, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో ఇంజన్‌కి చెప్పడం. వెంట్రుకవాసి పక్కకు తిరిగి కూర్చున్నా తప్పు చెబుతుంది. అప్పటినుంచి బొటనవేలితో వేగం పెంచే లీవర్ నొక్కితే బండి గొంతు సవరించుకుని, ఆగిపోతుందేమో అనిపించి, ఎవరూ ఎదురుచూడని క్షణంలో ముందుకి దూకడం మొదలుపెట్టింది.

డిసెంబర్ వచ్చింది. సెలవులకి అక్కాచెల్లెళ్ళు కొండల్లో కాబిన్ బుక్ చేశారు. రిపేర్ షాపువాళ్ళు ఫిబ్రవరి దాకా ఖాళీ లేదన్నారు. సెన్సార్‌ని ఇంట్లోనే సరిచేయడం ఎలాగో మాన్యువల్‌లో ఉంది. దాని వైరులో గుండుసూది గుచ్చి మీటర్ తగిలించాలి. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మీటర్‌లో పాయింట్ ఏడు వోల్టులు రావాలి. రాకపోతే రెండు స్క్రూలు వదులు చేసి, సెన్సార్‌ని కొంచెం తిప్పి, మళ్ళీ బిగించాలి.

చదవడానికి చాలా తేలిక. కానీ ఒక చేత్తో సెన్సార్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో స్క్రూ తిప్పాలి, కళ్ళు మీటర్ మీద ఉండాలి. మల్లికార్జునరావు మీటర్‌వైపు తల తిప్పితే, సెన్సార్ పట్టుకున్న చెయ్యి కూడా తలతోపాటు తిరిగేది. ఉమని పిలిచి మీటర్ చదవమన్నాడు.

"పాయింట్ ఏడు," అంది ఉమ. "కాదు, ఏడు మూడు. ఏమండీ, తొమ్మిది అయింది. ఇప్పుడు ఏమీ లేదు."

"సూది ఊడింది. గట్టిగా పట్టుకో."

"నాకు మీటింగ్ ఉంది."

"శనివారం మీటింగేంటి?"

"స్పందనతో," అని ఉమ లోపలికి వెళ్ళి ఫోన్ అందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వానలో రాకేష్ వచ్చాడు. గరాజ్ తలుపు దగ్గర నిలబడి, "స్పందన పంపింది, అన్నయ్యా," అన్నాడు.

"కమ్ ఇన్," అన్నాడు మల్లికార్జునరావు.

రాకేష్ బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. "ముందు ఐడిల్ స్క్రూ వదులు చేశారా? అది పైకి తిప్పి ఉంటే..."

"ఐ హావ్ ఫాలోడ్ ద మాన్యువల్."

రాకేష్ తల వెనక్కి తీశాడు. మీటర్ అతని చేతికి వచ్చింది. సెన్సార్, స్క్రూడ్రైవర్ మల్లికార్జునరావువి. స్క్రూ బిగిస్తున్నకొద్దీ అంకె జారిపోతోంది. ఒక దాన్ని కాస్త, రెండోదాన్ని కాస్త, మార్చి మార్చి బిగించాలని మల్లికార్జునరావే కనిపెట్టాడు. అంకె పాయింట్ ఏడు దగ్గర నిలిచింది.

"సూపర్ అన్నయ్యా," అన్నాడు రాకేష్.

"థాంక్యూ."

బండిని తోసుకుంటూ బయటికి తెచ్చి గడ్డి మీద నిలబెట్టారు. పట్టా నేలకి తగలకుండా వెనకభాగం స్టాండ్ మీదికి ఎత్తుదామని రాకేష్ అన్నాడు. "నాట్ రిక్వయిర్డ్," అన్నాడు మల్లికార్జునరావు. మీటర్ ఇంకా వైరుకి తగిలించే ఉంది, దాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డాడు. రాకేష్ ఎక్కి స్టార్ట్ చేశాడు. ఇంజన్ ఎందుకో తొందరలో ఉన్నట్టు తిరుగుతోంది. లీవర్ కొద్దిగా నొక్కాడు.

బండి గొంతు సవరించుకుంది. తర్వాత దూకింది.

తడి గడ్డి మీద స్నోమొబైల్ బాగానే నడుస్తుందని ఆ రోజు ఇద్దరికీ తెలిసింది. మల్లికార్జునరావు మీటర్ వదలలేదు. అది కొత్తది. వైరు సాగినంత దూరంలో, బండి పక్కనే, చెప్పులతో పరుగెత్తాడు.

"ఒరేయ్, వేలు తియ్యరా! వేలు తియ్యి!"

"తీసేశాను అన్నయ్యా!"

నిజంగానే తీసేశాడు. బండి వినడం లేదు.

"ఎర్ర బటన్! ఎర్ర బటన్ నొక్కరా నాయనా!"

రాకేష్ నొక్కాడు. బండి పక్కింటివాళ్ళ చెత్తడబ్బాల్ని పడగొట్టి ఆగింది. పక్కింటాయన బయటికి వచ్చి, పడిన డబ్బాలనీ, బండినీ, వానలో వైరుతో బండికి ముడిపడి ఉన్న మల్లికార్జునరావునీ చూశాడు. మంచు మంగళవారం దాకా పడదట అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మల్లికార్జునరావు రాకేష్ చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. "తగిలిందా? ఎక్కడ? వేళ్ళు కదిలించు. మోకాలు వంచు చూద్దాం. ఇంకా వంచు."

అన్నయ్య తెలుగులో మాట్లాడుతున్నాడని రాకేష్ గమనించాడు. గమనించినట్టు కనపడితే ఆపేస్తాడేమోనని నేల చూస్తూ మోకాలు వంచాడు.

డబ్బాలు లేపి, బండిని వెనక్కి తోశారు. ఉమ టీ తెచ్చి, ఇద్దరి బట్టలకీ అంటిన బురద చూసి, కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

"ఇందాక ఐడిల్ స్క్రూ అన్నావు," అన్నాడు మల్లికార్జునరావు.

"అవునన్నయ్యా. ఇంజన్ ఆగిపోకుండా థ్రాటిల్‌ని కాస్త తెరిచి ఉంచేది అదే. అది పైకి తిప్పి ఉంటే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. మూసుకోనిదాన్ని మూసుకుందనుకుని మనం అంకె పెట్టాం. నేను వేలు తీసినా అందుకే లాక్కెళ్ళింది."

"బండి ఆగిపోతోందని నేనే పైకి తిప్పాను."

"అనుకున్నాను."

మల్లికార్జునరావు టీ తాగి కప్పు కింద పెట్టాడు. "రివ్యూలో నువ్వు రాసింది ఇదే కదా."

రాకేష్ చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "ఫారంలో ఆ బాక్స్ ఖాళీగా వదిలితే సబ్మిట్ అవ్వదు అన్నయ్యా. అందరికీ ఏదో ఒకటి రాయాలి."

"బాక్స్ కోసం రాశావా, నిజమనిపించి రాశావా?"

"నిజమనిపించే రాశాను." రాకేష్ కప్పులోకి చూశాడు. "ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. స్పందన అడిగినా ఎందుకో చెప్పలేదు."

"నోటితో చెప్పుంటే బాగుండేది. పైవాళ్ళంతా చదివేచోట పెట్టావు. నిన్ను వాళ్ళకి పరిచయం చేసినవాణ్ణి నేను."

"చెబితే వినేవారా?"

మల్లికార్జునరావు ఆలోచించాడు. అడిగింది నిజంగా తెలుసుకోవడానికేనని అతనికి అర్థమైంది. కాబట్టి నిజంగానే ఆలోచించాడు.

"లేదు," అన్నాడు. "ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

ఐడిల్ స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పారు. లోపల థ్రాటిల్ టక్కుమని మూసుకుంది. మీటర్ చూస్తే పాయింట్ అయిదు దగ్గరికి పడిపోయింది. ఇంతసేపూ వాళ్ళు సాధించినది సరైన అంకెకి ఎంత దూరంలో ఉందో అప్పుడు తెలిసింది. మల్లికార్జునరావు సెన్సార్ తిప్పుతుంటే రాకేష్ అంకెలు చదివాడు. ఆరు. ఆరు నాలుగు. ఆగండి. ఏడు. స్క్రూలు మార్చి మార్చి బిగించారు. ఐడిల్ స్క్రూని మళ్ళీ ఉండాల్సినచోటికి తెచ్చారు. ఈసారి బయట బండి వెనకభాగాన్ని స్టాండ్ మీదికి ఎత్తారు. ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పాల్సి రాలేదు.

రాకేష్ లీవర్ నొక్కాడు. ఇంజన్ వెంటనే పలికింది. వదిలాడు, వెంటనే తగ్గింది. మల్లికార్జునరావు అతన్ని జరగమని, తను కూడా నొక్కి చూశాడు. అవసరమైనదానికంటే చాలాసార్లు నొక్కాడు.

సోమవారం ఆఫీసులో మల్లికార్జునరావు రాకేష్ గదికి వెళ్ళి తలుపు వేశాడు.

"నన్ను వేరే టీమ్‌కి పంపించు."

రాకేష్ మొహం వాడిపోయింది. "ఇంకా కోపం పోలేదా అన్నయ్యా?"

"కోపం కాదు. నీ కింద పనిచేయడం కష్టంగా లేదు. వారమంతా నీకు రిపోర్ట్ చేసి, ఆదివారం నీకు వడ్డించడం కష్టంగా ఉంది."

"ఇంట్లో నేను మీ తమ్ముణ్ణే కదా."

"అందుకే అడుగుతున్నాను."

రాకేష్ తలూపాడు. సెలవుల ముందే ఆ పని పూర్తయింది. కొత్త మేనేజర్ ఒక అమ్మాయి, మల్లికార్జునరావుకి ఏ బంధువూ కాదు. మొదటి మీటింగ్‌లో ఆమె ఏదో సూచన చేస్తే అతను రాసుకున్నాడు. పాటించాడో లేదో తెలియదు.

కొండల్లో మంచు బాగా పడింది. బండిని ట్రెయిలర్ మీంచి దించి మొదట మల్లికార్జునరావు, తర్వాత రాకేష్ చెరొక చుట్టు తిరిగారు. బండి చెప్పినట్టు విన్నది. అప్పుడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోని ఉమ, "నేనూ ఒక రౌండ్ వెళ్తాను," అంది.

లీవర్ గురించి రాకేష్, బ్రేక్ గురించి మల్లికార్జునరావు ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఉమ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది. చెట్ల మలుపు దాకా ఎర్ర జాకెట్ కనిపించింది. తర్వాత శబ్దం కూడా వినిపించలేదు.

తోడల్లుళ్ళిద్దరూ మంచులో నిలబడ్డారు. స్పందన కార్‌లో హీటర్ వేసుకుని ఫ్లాస్క్‌లో కాఫీ తాగుతోంది.

"పెట్రోల్ ఎంత ఉంది?" అన్నాడు మల్లికార్జునరావు.

"మీరు పోయించలేదా?"

"నువ్వు పోయిస్తావనుకున్నాను."

ఇద్దరూ మలుపువైపు నడిచారు. కాళ్ళు మోకాళ్ళ దాకా మంచులో దిగబడుతున్నాయి. సగం దూరం వెళ్ళేసరికి ఇంజన్ శబ్దం దగ్గరైంది. ఉమ వాళ్ళ ముందుకి వచ్చి, కుదుపు లేకుండా ఆపి, హెల్మెట్ అద్దం పైకెత్తింది. భుజాల నిండా మంచు ఉంది.

"అవతల ఒక లోయ ఉంది," అంది. "దాని అంచు దాకా వెళ్ళొచ్చాను."

"భయం వేయలేదా?" అన్నాడు మల్లికార్జునరావు.

"ఎందుకు?"

ఉమ కార్‌వైపు చెయ్యి ఊపి చెల్లెల్ని పిలిచింది. స్పందన ఫ్లాస్క్ మూత బిగించి, దిగి వచ్చి, అక్క వెనకాల ఎక్కి కూర్చుంది.

"అడ్డం లేవండి," అంది ఉమ.

ఇద్దరూ పక్కకి జరిగారు.