మిషను మీద కూర్చునేది ఎవరు?

సర్జన్ గారి గదిలోకి మొదట రోగి, అనగా విశ్రాంత సర్వేయరు గారు ప్రవేశించారు. ఆయన వెనుక రిపోర్టుల సంచీతో బావమరిది, అందరికంటె చివర సర్వేయరు గారి భార్య. కుర్చీలు రెండే ఉన్నందున ఆమె పరీక్షబల్ల పక్కనున్న ఎత్తుపీట మీద సర్దుకున్నారు.

సర్వేయరు గారి పెద్దపేగులో కుడివైపున గడ్డ ఉంది. క్యాన్సరే. ఇంకా పేగు దాటలేదు కనుక తీసివేయవచ్చు. ఉన్న రెండు పద్ధతుల్లో ఏదన్నది ఆ పూటే తేల్చుకోవాలి.

"రెండింట్లోనూ చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూనే చేస్తాం," అన్నారు సర్జన్. "లాపరోస్కోపీలో పరికరాలు నా చేతుల్లో ఉంటాయి. రోబోలో యంత్రం పట్టుకుంటుంది, నేను పక్కన కూర్చుని నడుపుతాను. టైం కాస్త ఎక్కువ పడుతుంది. మధ్యలో పొట్ట తెరవాల్సి రావడం రోబోలో కొంచెం తక్కువంటున్నారు. జబ్బు నయం కావడంలో మాత్రం పెద్ద తేడా కనబడలేదు."

"రోబోయే," అన్నారు సర్వేయరు గారు తడుముకోకుండా. మనిషి కన్ను పొరబడవచ్చు గాని పనిముట్టు పొరబడదన్నది ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన నమ్మిన సూత్రం. తన కడుపులో ఒక మనిషి చేయి తిరుగుతుందన్న తలపే ఆయనకు భయం. ఆ భయానికి ఆయన పెట్టుకున్న పేరు 'సాంకేతిక సందేహం'.

బావమరిది వంత పాడాడు. "అంతే బావా. యంత్రానికి చెయ్యి వణకదు. గడ్డం గీసుకునేప్పుడు నీకు వణికినట్టు."

"నా గడ్డం సంగతి నీకెందుకోయ్?"

"బాబూ, ఒక్క మాట అడగనా?" అన్నది ఎత్తుపీట మీది గొంతు.

"ఇది నీ జాకెట్టు కుట్టడం కాదు," అన్నారు సర్వేయరు గారు తల తిప్పకుండానే. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంటి ముందుగదిలో కుట్టుపని చేస్తున్నారు.

"జాకెట్టు పాడైతే ఇంకోటి కుట్టచ్చండీ. అందుకే అడుగుతున్నా." ఆవిడ సర్జన్ వైపు తిరిగారు. "ఓసారి కొత్త మిషను కొన్నాను బాబూ, కరెంటుది. నలభై రకాల కుట్లు వేస్తుందన్నారు. మొదటి నెలలో నేను చెడగొట్టినన్ని జాకెట్లు అంతకుముందు పదేళ్ళలో చెడగొట్టలేదు. మిషను మంచిదే. నా చెయ్యే దానికి అలవాటు పడలేదు. మరి మీరు ఆ రోబో మీద ఇప్పటికి ఎన్ని చేశారు?"

సర్వేయరు గారికి తల కొట్టేసినట్లయింది. అంత పెద్ద డాక్టరును పనివాణ్ణి అడిగినట్లు అడగటమా? క్షమాపణ చెప్పబోయారు.

సర్జన్ చేతిలోని కలం బల్ల మీద పెట్టారు. "తొమ్మిదమ్మా. లాపరోస్కోపీ అయితే నాలుగు వందలు దాటాయి. రోబోయే కావాలంటే, అందులో చేయి తిరిగిన డాక్టరు గారికి రాసిస్తాను. అదీ మంచి దారే. నన్నే చెయ్యమంటే లాపరోస్కోపీ చేస్తాను."

చేయి తిరిగిన. ఆ మాట సర్వేయరు గారికి ఎక్కడో తగిలింది. కొత్త పరికరం చేతికొచ్చిన ఏడాది కొలతలో పొరబడి ఒక పొలం గట్టును పదకొండు అడుగులు పక్కకు జరిపినది తానే. 'పరికరలోపము' అని ఫైలులో రాసినదీ తానే. పరికరం వెనుక నిలబడ్డవాడికి అది ఎన్నో కొలతో ఆనాడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ సర్జన్ గారిలాగా ఉన్నమాట చెప్పేవాడినా? చెప్పి ఉండనని ఆయనకు తెలుసు.

"మీరే చెయ్యండి," అన్నారు సర్వేయరు గారు. "మీ చేయి తిరిగిన పద్ధతిలోనే."

"అక్కా, సర్వే శాఖలో నువ్వు చేరాల్సింది," అన్నాడు బావమరిది. "సగం గట్టు తగాదాలు తప్పేవి."

"నువ్వు సంచీ కింద పడకుండా చూసుకో ముందు," అన్నారావిడ.

ఆపరేషన్ మూడు గంటల లోపే ముగిసింది. పొట్ట తెరవవలసిన అవసరం రాలేదు. గడ్డతో పాటు తీసిన ఇరవై రెండు లింఫు గ్రంథులలో ఒక్కదానికీ జబ్బు సోకలేదని రిపోర్టు వచ్చింది. ఇంటికి పంపే ముందు నర్సు అభిప్రాయాల కాగితం తెచ్చి ఇచ్చింది. సర్జన్ గారిని గురించి రెండు వాక్యాలు రాసిన తరువాత, సర్వేయరు గారు దిండుకు ఆనుకుని, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఇలా రాశారు:

'ఈ చికిత్సా నిర్ణయ సమయమున, సర్జన్ గారి అనుభవమును గూర్చి అడుగవలసిన ప్రశ్నను, నేను వారించినను లెక్కచేయక, తగిన మర్యాదతో అడిగినవారు నా భార్య, కుట్టుపని నిపుణురాలు. వారు చేసిన ఈ మేలును ఇందుమూలముగా కృతజ్ఞతతో నమోదు చేయడమైనది.'