ఇస్త్రీ కాలు

ఫుస్సుమని నీటి తుంపర, ఆ వెంటనే తడిబట్టమీద ఇనుము జారే బరువైన సుయ్యి. దర్బ్ అల్ అహ్మర్ సందుకు తెల్లవారేది ఆ చప్పుడుతోనే. మనిషి కనబడేది తర్వాత: ఇస్త్రీ మేస్త్రి ఉస్తా బదావీ, నోటినిండా నీళ్ళు, చేతిలో పొడవాటి పిడి, కాలిన ఇస్త్రీపెట్టెకు బిగించిన చెక్కమీద కుడిపాదం. సందులోని మగవాళ్ళ పొడుగు అంగీలు, గలాబియాల ముడతలన్నీ ఇన్నేళ్ళూ ఆ పాదం కిందే అణిగాయి. ఇప్పుడది నీలం తిరిగి, వేసవిలోనూ చల్లగా ఉంటోంది.

టీకొట్టు బయ్యూమీ ముక్కు ఎగబీల్చాడు. "ఏం ఉస్తా, నా గలాబియా మాడ్చేశావా?"

"నీ గలాబియా పెళ్ళికొడుకులా ఉంది, చూసుకో."

బట్ట తెల్లగానే ఉంది. చెక్కమీంచి జారిన పాదమే ఇనుముకు ఆనుకుని కాలుతోంది.

"నీ కాలయ్యా మాడుతోంది! తెలియడం లేదూ?"

తెలియలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఈ కాలికి నెత్తురు అందడం లేదు. ఎడమకాలి సిర తీసి, పూడిన నాళం పక్కనుంచి కొత్తదారి వేస్తాం. కుదిరితే కాలు దక్కుతుంది, లేకుంటే మోకాలి కింద తీసేయాలి. మీ గుండె తట్టుకోవాలి మరి."

"ఇస్త్రీకి ఒంటికాలు చాలు డాక్టరమ్మా. ఆ ఒంటికాలు ఇదే."

ఆపరేషన్ గది ముందు నర్సు అడిగింది. "బయట ఎవరున్నారు, హాజ్?"

"మా ఇంట్లోవాళ్ళు."

"పేరు చెప్పవయ్యా, పిలవాలి."

చుట్టూ మగవాళ్ళు. భార్య పేరు పరాయి చెవిన వేసే భర్త ఆ సందులో లేడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "రిఫ్అత్ వాళ్ళమ్మా అనండి, పలుకుతుంది."

ఆపరేషన్ అయిన మర్నాడు రిఫ్అత్ వాళ్ళమ్మ ఆ పాదాన్ని అరచేతుల్లోకి తీసుకుంది. "వెచ్చగా ఉందయ్యో, నీ ఇస్త్రీపెట్టెలాగా!"

"చూస్తూ ఉండు, మాడగలదు."

పక్కమంచం ముసలాయనకు కాలు తీసేశారు. అతని భార్య నిన్న ఒక్క చెప్పును సంచిలో వేసుకుని ఇంటికి పోయింది. రిఫ్అత్ వాళ్ళమ్మ అది చూసింది. "ఇంటికెళ్ళి నీ చెప్పులు తెస్తాను," అని లేచింది. "రెండూ."

సాయంత్రం అజాన్ వేళకు తిరిగొచ్చేసరికి దుప్పటి అతని ముఖం దాకా కప్పి ఉంది. కొత్తదారిలో నెత్తురు బాగానే పారిందట, గుండే ఆగిపోయిందట. ఆమె దుప్పటి కింద చెయ్యి పెట్టింది. పాదం ఇంకా వెచ్చగానే ఉంది. చెప్పులు రెండింటినీ మంచం కింద, ఇంట్లో ఎప్పుడూ పెట్టినట్టే, గుమ్మం వైపు తిప్పి పెట్టింది.

"నువ్వటు వెళ్ళాక గుండె పట్టుకున్నాడమ్మా," అన్నాడు ముసలాయన. "వార్డంతా వినేలా ఎవరినో పిలిచాడు."

"ఎవరిని?"

ఆమె పేరు పలకలేక మగవాళ్ళంతా తలలు దించుకున్నారు. ముసలాయన మెల్లగా అన్నాడు:

"షౌకియ్యా."