గడువు పది నిమిషాలు

ఎడమచేతిలోని బటన్ ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అంకెనూ కంప్యూటరు తెర మీది గడిలోకి దింపుతున్నాడతను. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ముసలామె ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆరో అంకె పడగానే ఆకుపచ్చ గుర్తు వెలిగింది.

"అయింది పెద్దమ్మా. కంటి ఆపరేషనుకు నీ పేరు ఎక్కింది. తారీఖు నా ఫోనుకు వస్తుంది, రాగానే కబురు చేస్తాను."

"నా కళ్ల సంగతి నాకంటే నీ ఫోనుకే బాగా తెలిసేట్టుంది నాయనా," అంటూ ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది.

పెద్ద ప్రభుత్వ కార్యాలయానికి ఎదురుగా, రెండు బారల వెడల్పున్న గది అతని దుకాణం. అతనికి యాభై ఏడేళ్లు. ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో ఒకే పక్కకు ఒరిగి కూర్చోవడం వల్ల కుడిభుజం కాస్త కిందికి జారింది. ఆన్‌లైను దరఖాస్తులు నింపడం అతని పని. ఆ వీధిలో అందరూ అతన్ని ఓటీపీ బాబాయి అంటారు. ఆ పేరు వెనుక ఒక పొరపాటుంది. మొదట్లో వచ్చేవాళ్లలో చాలామందికి సొంత ఫోను ఉండేది కాదు. నంబరు ఇవ్వనిదే దరఖాస్తు ముందుకు కదిలేది కాదు. ఆ పూటకు గడిస్తే చాలుననుకుని అతను తన నంబరే వేసేవాడు. మనుషులు ఆ సంగతి మరిచిపోయారు కానీ దరఖాస్తులు మరిచిపోలేదు. ఫలితంగా, ఇంటర్నెట్ లెక్కలో అతను ఏకకాలంలో ఆరునెలల గర్భిణి, మధుమేహరోగి, పదో తరగతి తప్పిన విద్యార్థి, రెండో సంబంధం వెతుక్కుంటున్న వరుడు. ఆ ఉదయం కూడా అతను పళ్లు తోముకుంటుండగా ఒక సందేశం వచ్చింది: మీ కడుపులోని బిడ్డ ఈ వారం నుంచి శబ్దాలు వినగలదు. అతని ఎడమచెవి సరిగా వినబడదనీ, అతను ఒంటరిగా ఉండే గదిలో ఉన్నది ఒకే కుర్చీ అనీ ఆ సందేశాలు పంపేవారికి తెలియదు.

వచ్చిన అంకెలను చిత్తుకాగితం ముక్క మీద రాసుకుని చదవడం అతని అలవాటు. పని కాగానే ఆ చీటీలు బుట్టలో పడతాయి. ఒక్క మనిషివి మాత్రం పడవు. వాటిని బల్ల మీద నిలబెట్టిన ఇనుప ముల్లుకు గుచ్చుతాడు.

ఆ మనిషి ఒక నర్సు. పదకొండేళ్ల కిందట ఒక ముసురు మధ్యాహ్నం, సర్టిఫికెట్లు తడవకుండా పొట్టకు హత్తుకుని వచ్చింది. అన్ని గడులూ చకచకా చెప్పింది. ఫోను నంబరు దగ్గర ఆగిపోయింది.

"నా ఫోను మా ఆయన దగ్గరుంటుంది. సాయంత్రం కూర్చుని అన్నీ చదువుతారు. మీ నంబరు వేస్తారా మాస్టారూ?"

వేశాడు. ఆమె పేర మెయిలు ఖాతా కూడా అదే నంబరుతో తెరిచాడు. ఉద్యోగం పిలుపు అతని ఫోనుకే వచ్చింది. ఆమె అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి గేటు దాకా నడిచి వెళ్లి చెప్పాడు. వారం తిరక్కుండా ఆమె ఒక్క సంచితో దూరపు ఊరికి వెళ్లిపోయింది. తర్వాత ఆమె బతుకులో చేరినవన్నీ, అద్దె ఇల్లూ, రైలు టికెట్లూ, వైద్యపరీక్షలూ, ఆ ఖాతా మీదే నిలబడ్డాయి. ఎందులోకి వెళ్లాలన్నా ఆరు అంకెలు కావాలి, వాటి గడువు పది నిమిషాలు. అవి అతని దగ్గరికి వస్తాయి. ఆమె ఫోను చేస్తుంది.

"వచ్చిందా మాస్టారూ?"

"వచ్చింది, రాసుకోండి."

మూడో అంకెకూ నాలుగో అంకెకూ మధ్య అతను ఆగుతాడు. అక్కడ వానలు పడుతున్నాయా అని అడుగుతాడు. పదకొండేళ్లలో అంతకుమించి ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేకపోయింది. ఆమె రెండిళ్లు మారిందనీ, రక్తపోటుకు మాత్ర మొదలుపెట్టిందనీ సందేశాలే చెప్పాయి.

పదకొండు గంటలకు, తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"మా ఆవిడ కిందటి వారం ఇక్కడికొచ్చిందట. ఎక్కడికి పెట్టింది దరఖాస్తు? ఆ మెసేజ్‌లు చూపించు."

"ఒకరి సంగతులు ఇంకొకరికి చూపించకూడదండీ."

"నేను ఇంకొకణ్ణా? మొగుణ్ణి!"

"అయినా సరే. ఆవిడవి ఆవిడే చూసుకోవాలి."

"మరి నువ్వు చూస్తున్నావుగా? నువ్వేమవుతావయ్యా ఆవిడకి?"

పక్క దుకాణంలోంచి జిరాక్సు ఆయన తల బయటికి పెట్టాడు. "ఊరందరికీ బాబాయే అవుతాడు సార్. మీరు దయచేయండి, ఎండ ముదురుతోంది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోను కదిలింది. పొద్దున అతను చదివిన అంకెలతో నర్సు తీసుకున్న రైలు టికెట్టు. ఎప్పుడూ ప్రయాణికుల సంఖ్య ఒకటి ఉండేది. ఇప్పుడు రెండు. రెండో పేరు మగవాడిది. వయసు యాభై. అతను నాలుగుసార్లు చదివాడు. ఐదోసారి చదవబోతూ, పదకొండేళ్ల కిందట ఇదే బల్ల ముందు విన్న మాట గుర్తొచ్చి ఆగాడు. సాయంత్రం కూర్చుని అన్నీ చదువుతారు. ఆమె తప్పించుకుని వెళ్లింది ఆ చదివే కళ్ల నుంచే. ఆమెను దాటించినవాడే ఆ చోట వచ్చి కూర్చున్నాడు.

డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

మూడింటికి మళ్లీ ఆరు అంకెలు వచ్చాయి, వెంటనే ఆమె ఫోను చేసింది. "వచ్చిందా మాస్టారూ?"

"వచ్చింది. కానీ ముందు ఒక పని చేద్దాం. మీ మెయిలు ఖాతాలో అడుగున నంబరు మార్చే చోటు ఉంటుంది, నొక్కండి. నా ఫోనుకు ఒకటి వస్తుంది, అది నేను చెబుతాను. మీ ఫోనుకు ఇంకొకటి వస్తుంది. అది నాకు చెప్పకండి."

అవతల ఆమె ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"ఏమైంది? నాతో విసుగొచ్చిందా?"

"విసుగు కాదండీ. మీవన్నీ నేను చదువుతున్నాను. ఇవాళ్టి టికెట్టు కూడా."

"తెలుసు," అంది ఆమె నెమ్మదిగా. "ఇక్కడ ఫోన్లు బాగుచేసే ఆవిడ నాలుగేళ్ల కిందటే చెప్పింది, నంబరు మార్చుకోవచ్చని."

"మరి?"

"మార్చుకోలేదు."

అతను ఫోనును వినబడే చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఆ టికెట్టులో రెండో ఆయన..."

"అక్కర్లేదండీ," అన్నాడు. తెలుసుకోవాలని అతనికి ఎంతగా ఉందంటే, ఆ ఒక్క మాట అనడానికి కుర్చీ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. "నొక్కారా?"

"నొక్కాను."

ఫోను కదిలింది. చీటీ మీద రాసుకుని చదవసాగాడు. "ఏడు... రెండు... సున్నా..." ఆగాడు. "అక్కడ వానలు పడుతున్నాయా?"

"లేదు. ఎండగానే ఉంది. మీకో?"

పదకొండేళ్లలో ఆమె తిరిగి అడగడం అదే మొదలు.

"ఇక్కడా ఎండే. తొమ్మిది... నాలుగు... ఒకటి."

"ఉంటాను మాస్టారూ."

"మంచిదండీ."

నిమిషం తర్వాత చివరి సందేశం వచ్చింది: ఈ నంబరు ఇకపై ఈ ఖాతాకు చెందదు. దాన్ని ఒక్కసారే చదివి చెరిపేశాడు. తర్వాత ఆమెవి మిగిలినవన్నీ, మధ్యాహ్నపు టికెట్టుతో సహా, ఒక్కొక్కటే చెరిపాడు. మళ్లీ ఫోను చేయడానికి అటు ఆమెకు గానీ ఇటు అతనికి గానీ కారణమంటూ ఏదీ మిగల్లేదు.

అయిదున్నరకు కంప్యూటరు ఆపి, బుట్టలోని చీటీలు బయట తొట్టిలో కుమ్మరించి, తిరిగి వచ్చి షట్టరు దించాడు. ఆ విసురుకు లోపల, ఇనుప ముల్లు మీద అన్నిటికంటే పైనున్న చీటీ ఒకసారి కదిలి నిలిచింది. ఏడు, రెండు, సున్నా, కాస్త ఎడం, తొమ్మిది, నాలుగు, ఒకటి.