ఫ్రిజ్ వెనక ఫ్యాను

ఆమె నర్సు. కుళ్ళిన పుళ్ళకు కట్టు కట్టి, చేతులు కడుక్కుని వచ్చి నిమ్మళంగా అన్నం తినగలిగిన మనిషి. అలాంటిది సొంత వంటింట్లో ముక్కు మూసుకోవలసి వచ్చింది.

ఫ్రిజ్ చల్లబడడం మానేసింది. లైటు వెలుగుతోంది, లోపల మాత్రం గోరువెచ్చగా ఉంది. పాలు విరిగిపోయాయి. పెరుగు మీద పచ్చటి బూజు లేచింది. ఫ్రీజర్లో మాంసం కరిగి, ఆ నెత్తురు నీళ్ళు కింది అరలోని టమాటాల మీదికి కారాయి. ఒకదాన్ని ముట్టుకోగానే తోలు జారి వేలికి అంటుకుంది.

"నీ పాలగిన్నె పనే ఇది. మూత పెట్టి చావవుగా!" అన్నాడు భర్త గుమ్మంలోంచే.

ఆమె అన్నీ పారబోసి, అరలు ఊడదీసి సబ్బుతో తోమింది. కంపు పోలేదు. మర్నాడు తలుపు రబ్బరు మడతల్లో పేరుకున్న నల్లటి జిగురు కూడా పుల్లతో గీకి తీసింది. కంపు ఇంకా ముదిరింది. "ఇంకాస్త గట్టిగా తోము," అన్నాడు భర్త, టీవీ ముందునుంచి కదలకుండానే.

చివరికి ఆమె ఫ్రిజ్ మెకానిక్ అయిన తమ్ముణ్ణి పిలిచింది. అతను తలుపు తెరవనే లేదు. పక్కకు చెవి ఆనించి విన్నాడు. వెనక కంప్రెసర్ కాసేపు గుర్రుమని, టక్కుమని ఆగిపోయింది.

"లోపల తోమితే ఏం లాభం అక్కా? జబ్బు వెనకుంది. లోపలి వేడిని లాగి వెనక వదిలితేనే ఇది చల్లబడేది. ఆ వేడిని ఊదెయ్యడానికి అక్కడో చిన్న ఫ్యాను ఉంటుంది. అది తిరక్కపోతే కంప్రెసర్ వేడెక్కిపోయి తనే ఆగిపోతుంది. బావా, ఓ చెయ్యి వెయ్యి, ముందుకి లాగుదాం."

"చక్రాలున్నాయిగా, మీరిద్దరూ చాల్లే," అన్నాడు బావ.

ప్లగ్గు పీకి, అక్కా తమ్ముడూ లాగారు. తమ్ముడు వెనక రేకు విప్పి "ఛీ! ఛీ!" అంటూ ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

ఫ్రిజ్‌లోంచి కారే నీళ్ళు పట్టే పళ్ళెంలో ఎలుక చచ్చి పడివుంది. పొట్ట ఉబ్బి పగిలింది. ఊడిన వెంట్రుకలు జిగట నీళ్ళలో తేలుతున్నాయి. తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. తోక ఫ్యాను రెక్కలకు చుట్టుకుని బిగిసిపోయింది. పక్కన కొరికి వదిలేసిన నీలం బిళ్ళలు.

"మందు తిన్నదక్కా ఇది. ఎవరు పెట్టారు?"

ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె తల తిప్పి భర్త వంక చూసింది.

"రాత్రిళ్ళు ఒకటే గోల చేస్తుంటే పెట్టాను," అని నసిగాడు. "బయటికి పోయి చస్తుందనుకున్నా."

"కంపు మొదలయ్యాకైనా తెలీలేదా?"

"అనుమానం వచ్చింది. చెబితే నన్నే తియ్యమంటావని..."

పురుగులను చూసినప్పుడు ఆమెకు రోత పుట్టలేదు. పాలగిన్నె మీద నెపం పెట్టిన ఆ నోటిని, తాను తోముతుంటే హాయిగా చాచుకు కూర్చున్న ఆ కాళ్ళను చూస్తుంటే పుట్టింది. రబ్బరు తొడుగులు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"లే."

"వాడున్నాడుగా, వాడి పనే కదా..."

"వాడి పని ఫ్యాను. ఎలుక నీది."

అతను రెండుసార్లు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. ఆమె వీపు నిమరలేదు, మంచినీళ్ళివ్వలేదు. "మెల్లిగా బావా, రెక్క విరుగుతుంది," అంటూ తమ్ముడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. తోక ఊడి వచ్చింది. పళ్ళెం వేడినీళ్ళతో కడిగించి, తమ్ముడు ఫ్యాను తుడిచి, ప్లగ్గు పెట్టాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. కంప్రెసర్ ఈసారి ఆగలేదు.

సాయంత్రానికి ఫ్రిజ్ చల్లబడింది. భర్త తలుపు తీసి వాసన చూసి, ఆమె దగ్గరికొచ్చి నవ్వబోయాడు.

"ఇంకేం కంపు లేదు కదూ?"

"ఫ్రిజ్‌లో లేదు," అని ఆమె తన కంచం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.