ఎదురు చుట్లు

మొదట్లో స్ప్రింగులాయన చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: మామగారు వదిలేసి పోయిన పాత లేతు మిషను, తుప్పు పట్టిన ఒక తీగచుట్ట, తీగను ఒక్కసారి వంచి చూడగానే అది ఎంత మొండిదో పసిగట్టే బొటనవేలు. లేతు అరిగింది. తీగచుట్టలు వచ్చినట్టే వచ్చి పోయాయి. బొటనవేలొక్కటే ఇన్నేళ్ళూ నష్టం రానివ్వలేదు. ఈ మధ్య అదీ వణుకుతోంది.

ఆ ఉదయం అతను లేతు ముందు ఒంగి షట్టరు స్ప్రింగు చుడుతున్నాడు. ఎడమచేతిలో తోలుముక్క, దాని మధ్యనుంచి జారుతూ తీగ. కడ్డీ తిరిగేకొద్దీ తీగ కిర్రుమంటూ చుట్టు పక్కన చుట్టు పేర్చుకుంటోంది. చెమట ముక్కు కొసకు వచ్చి ఆగింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అవతలి మూల అతని భార్య మూతికి గుడ్డ కట్టుకుని స్ప్రింగుల కొసలు సాన పడుతోంది. నిప్పురవ్వలు ఆమె మోచేతుల దాకా ఎగిరి ఆరిపోతున్నాయి.

చివరికి వచ్చాక లేతు ఆపాడు. తీగను మడిచి, మిగిలిన కొద్ది చుట్లనూ ఎదురు దిక్కుగా తిప్పి చుట్టాడు. ఆ కొద్ది చుట్ల కోసమే ఇవాళ మధ్యాహ్నం ప్రయాణం.

"ఆ నూనె చొక్కాతోనే వెళ్తారా ఏంటి?" అంది భార్య సానరాయి ఆపి. "స్ప్రింగు సంగతి తర్వాత, ముందు మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తారు."

"ఆపనీ. ఆ గుమ్మం తలుపుకి స్ప్రింగు ఎవడేశాడో చూసొస్తా."

ఎదుటి వరసలో దర్జీ కొట్టు ఉంది. ఒకరోజు దర్జీ షట్టరు ఎత్తి లోపలికి వంగుతుండగా పైన స్ప్రింగు తెగింది. షట్టరు బరువంతా అతని కుడిచేతి మీద పడింది. కత్తెర పట్టే వేళ్ళు పోయాయి. ఆ తర్వాత స్ప్రింగులాయన చాలాకాలం తెగిన స్ప్రింగులు ముందేసుకుని కూర్చున్నాడు. తీగన్నాక తెగక మానదు, తెగాక ఏం చేస్తుందన్నదే అసలు లెక్క అని తేల్చుకున్నాడు. చివరి చుట్లను ఎదురుగా చుడితే, తీగ తెగిన క్షణాన అవి విచ్చుకుని, తమ చుట్టూ తిరిగే షట్టరు గొట్టాన్ని లోపలినుంచి పట్టేస్తాయి. అప్పుడు షట్టరు పడదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలాయన మెట్లు దిగినట్టు దిగుతుంది.

గుండె అలిసిపోయిందని డాక్టరు చెప్పినప్పుడు స్ప్రింగులాయన సరుకు నాణ్యత విన్నట్టే విన్నాడు. అలిసిన తీగ పైకి బాగానే కనిపిస్తుంది. చెప్పి తెగదు. తను ఆగిపోయాక కూడా భార్యకు అన్నం పెట్టే వస్తువు ఒకటి ఉండాలి. పేటెంటు హక్కయితే ఇరవై ఏళ్ళు నిలుస్తుందట. షట్టర్లు చేసే ఫ్యాక్టరీవాళ్ళు కూడా "హక్కు మీ పేరున ఉంటే కొంటాం, లేకపోతే చూసి చేసుకుంటాం" అని మొహం మీదే చెప్పారు. అతనికి ఆ మాట నచ్చింది. బేరంలో మర్యాద ఎక్కువైతేనే అతనికి భయం.

పేటెంటు సలహాదారు గది మూడో అంతస్తులో ఉంది. మెట్ల మలుపులో రెండుసార్లు ఆగి, ఎవరైనా చూస్తే చెప్పుల్లో రాయి దులుపుకుంటున్నట్టు నటించాడు. సలహాదారు అతనికి కూతురయ్యే వయసున్న మనిషి. అతను ముందే పంపిన స్ప్రింగు ఆమె బల్ల మీద నిలబడి ఉంది.

"మూడు చూస్తామండీ," అందామె. "ఇది కొత్తదా? ఈ పని తెలిసిన ఇంకొకరికి ఇట్టే తట్టేదా? పనికొస్తుందా?"

"పనికి మాత్రం ఢోకా లేదమ్మా."

"అది తేలికే. మొదటి రెండే చంపుతాయి. దేశదేశాల పాత కాగితాలన్నీ వెతికాను. జంట స్ప్రింగులున్నాయి, రకరకాల బ్రేకులున్నాయి. అదే తీగను మడిచి ఎదురు చుట్టినవాళ్ళు లేరు. అలా చేస్తే బలం తగ్గుతుందని ఎవరైనా వదిలేస్తారు. మీరు వదల్లేదు. కాబట్టి ఇట్టే తట్టేదీ కాదు."

అతను చిన్నగా దగ్గాడు. పొగడ్తలు అతనికి అలవాటు లేవు.

"ఇది మీ షెడ్డు దాటి బయటికి ఎప్పుడు వెళ్ళింది?"

ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు అతను ముందుకు జరిగి కూర్చున్నాడు. "ఎప్పుడో వెళ్ళిందమ్మా! మూడేళ్ళు దాటింది. మా వీధిలో ఏ షట్టరైనా విప్పి చూడండి. మొదట దర్జీకి ఊరికే వేసిచ్చా. ఆ తర్వాత పిండిమర, మందుల కొట్టు, చెప్పుల కొట్టు... ఎలా పట్టుకుంటుందో అందరికీ చూపించి మరీ వేశా. ఎవర్నైనా అడగండి, సాక్ష్యం చెప్తారు."

నలుగురి చేతుల్లో నలిగిన సరుకే నిలుస్తుందన్నది అతను నమ్ముకున్న వ్యాపారం. ముందు వాడనీ, బాగుంటే వాడే వస్తాడు. ఆ లెక్క ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఆమె కలం పక్కన పెట్టింది.

"దరఖాస్తు కంటే ముందే నలుగురూ చూసి వాడుతున్నది కొత్తది కాదండీ. చూపించింది మీరే అయినా సరే. కొద్ది నెలలైతే ఏదో దారి వెతికేదాన్ని."

"నేను చేసిందే కదమ్మా!"

"మీరు చేసిందే. ఇప్పుడది అందరిదీ."

స్ప్రింగులాయనలోని వ్యాపారి మెల్లగా తలెత్తాడు. "ఈ సంగతి మనం చెప్పకపోతే?"

"ఫ్యాక్టరీవాళ్ళ లాయరు ఒకరోజు మీ వీధిలోకొస్తాడు. మీ దర్జీ మిమ్మల్ని కాస్త పొగుడుతాడు. అంతటితో సరి."

నిజమే. దర్జీ పొగడకుండా ఉండలేడు.

ఆమె స్ప్రింగును చేతిలోకి తీసుకుని మడత దగ్గర వేలితో తడిమింది. "ఇక్కడ తీగ విరగాలి కదా. ఎందుకు విరగట్లేదు?"

"అది కాల్చడంలో ఉందమ్మా. పొయ్యిలోంచి ఎప్పుడు తీస్తామన్నదాంట్లో."

"అదెవరికైనా చెప్పారా?"

"లేదు. పొయ్యి తలుపు తీసేముందు మా ఆవిణ్ణి కూడా టీ పెట్టమని పంపేస్తా."

"ఎందుకూ?"

"ఏమో. మా మామగారు నన్నలాగే పంపేసేవాడు."

ఆమె మొదటిసారి నవ్వింది. కలం మళ్ళీ తీసింది. "అయితే అది ఇంకా మీదే. ఆ కాల్చే పద్ధతికి విడిగా హక్కు అడగొచ్చు. ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడు వాటిని అంత తొందరగా వదలడు. "రేపొస్తానమ్మా. ఇంట్లో ఒక మాట అనుకుని."

"సరే. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి."

"ఎవరికీ?"

"ఎవరికీ."

తిరిగొచ్చేసరికి షెడ్డులో ఫ్యాక్టరీ మనిషి కూర్చుని ఉన్నాడు. హక్కు సంగతి తేలకముందే వాళ్ళు నమూనాలు చేసి చూసుకున్నారు. "మావి మడత దగ్గరే పుటుక్కుమంటున్నాయండీ. మీవి ఎందుకు విరగవో చెప్తే, దానికి వేరే ఇచ్చుకుంటాం. మీ ఇద్దరినీ జీవితాంతం చూసుకునేలా రాసిస్తాం."

"ఏం ముంచుకుపోయింది? రేపు మాట్లాడదాం."

ఫ్యాక్టరీ మనిషి వెళ్ళాక భార్య మూతిగుడ్డ కిందికి లాగింది. "ఏమందావిడ?"

"పంచిపెట్టింది పోయింది. దాచుకున్నది మిగిలింది."

"నాకు తెలీకుండా ఏం దాచారు?"

"పొయ్యి."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అదా! ఇన్నేళ్ళు నా చేత టీలు పెట్టించింది ఇందుకన్నమాట. ఇప్పుడైనా చెప్పండి."

"ఎవరికీ చెప్పొద్దంది."

"నేను ఎవరినా?"

స్ప్రింగులాయన నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం సిగ్గు కూడా ఉంది. "రేపు ఆవిడ రాసుకోనీ. సాయంత్రం నిన్ను పక్కన నిలబెట్టుకుని చూపిస్తా."

"వద్దులెండి. రేపట్నుంచి టీ మీరే పెట్టుకోండి, అది చాలు."

ఉదయం చుట్టిన స్ప్రింగులను పళ్ళెంలో పేర్చి పొయ్యిలో పెట్టాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, తలుపుకున్న చిన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పశ్చిమపు ఎండ రేకుల సందుల్లోంచి దిగి అతని మెడ మీద పడుతోంది. ఎడమ భుజం బరువుగా ఉంది. మెట్లెక్కినందుకు అనుకున్నాడు. కాసేపటికి, చూపు తిప్పకుండానే, "టీ పెట్టు," అన్నాడు.

ఆమె రెండు గ్లాసులతో వచ్చేసరికి గోడకు తల ఆనించి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని, "ఇవాళ నన్ను పంపించి నిద్రా?" అంది. గ్లాసు కింద పెట్టి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది.

వీధిలోవాళ్ళు షట్టర్లు దించి ఒక్కొక్కరే వచ్చారు. దర్జీ అతని పాదాల దగ్గర కూర్చుని, మిగిలిన వేళ్ళతో కాళ్ళు సర్దాడు. పిండిమరాయన ఎవరికో ఫోను చేస్తున్నాడు. వీధి వీధంతటికీ ఇచ్చి పోయాడయ్యా అని ఎవరో అన్నారు. లెక్క చూస్తే అది నిజమే. దాచుకోవలసింది వీధికి దక్కింది. ఇవ్వవలసింది ఇవ్వవలసిన ఆ ఒక్క మనిషికి మాత్రం దక్కలేదు.

"అమ్మా, పొయ్యి మండుతూనే ఉంది. ఆపమంటావా?" అని అడిగాడు దర్జీ.

ఆపాలో, తీయాలో, ఇంకాసేపు ఉంచాలో ఆమెకు తెలియదు. చిన్న కిటికీ వెనక, పళ్ళెంలో వరసగా పేర్చిన స్ప్రింగులు ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా మారుతున్నాయి.